చీరల షూట్‌లో కెమెరాను ట్యాబ్‌కు వైఫైతో కలపడం ఎలా

చేనేత చీరల క్యాటలాగ్ తీసేటప్పుడు ఫోటో బాగుందా లేదా అని తేల్చేది ఫోటోగ్రాఫర్ ఒక్కరే కాదు. కుచ్చిళ్లు సమంగా పడ్డాయో లేదో చూసే సహాయకురాలు, కొంగు మీది నేత పూర్తిగా కనబడాలని కోరే దుకాణం యజమాని, మేకప్ సరిచేసేవారు, అందరికీ అందులో మాట ఉంటుంది. వీరంతా ప్రతి ఫ్రేమ్ తర్వాత కెమెరా వెనుక ఉన్న మూడంగుళాల తెర చుట్టూ చేరితే పని నెమ్మదిస్తుంది, కష్టపడి కుదుర్చుకున్న కోణం కూడా చెడిపోతుంది. గద్వాల చీర జరీ అంచు వెలుగుకు తెల్లగా తేలిపోయిందా, పోచంపల్లి ఇక్కత్ నమూనా మడతలో దాగిపోయిందా అన్న విషయాలు మోడల్ ఆ చీరలో నిలబడి ఉండగానే తెలియాలి. చీర మార్చిన తర్వాత తెలిస్తే మళ్లీ కట్టించాలి, జడ, నగలు మళ్లీ సర్దాలి, లైట్లు మళ్లీ పెట్టాలి. తీసిన ప్రతి ఫోటో ఒకటి రెండు సెకన్లలో పది పన్నెండు అంగుళాల తెర మీద పడితే ఈ శ్రమంతా తప్పుతుంది.

కెమెరా ట్రైపాడ్ మీద కదలకుండా ఉండి, బల్ల మీది నగలో వంటకాలో తీస్తున్నప్పుడు యూఎస్‌బీ కేబులే మేలు. అది వేగంగా పంపుతుంది, సిగ్నల్ గొడవ లేదు. ఫోటోగ్రాఫర్ మోడల్ చుట్టూ తిరుగుతూ, కూర్చుంటూ, నిచ్చెన ఎక్కుతూ తీయవలసి వచ్చినప్పుడు, నేలమీద పరచుకున్న చీర కుచ్చిళ్ల మధ్య కేబుల్ ఈడ్చుకుపోయే ప్రమాదం ఉన్నప్పుడు వైఫై అవసరమవుతుంది. అలాంటి షూట్ కోసమే ఈ వివరణ.

ఇందులో గట్టిగా పట్టుకోవలసినవి రెండే సంగతులు. నెట్‌వర్క్ మీ సొంతదై ఉండాలి, అంటే స్టూడియో వైఫై మీదో హోటల్ వైఫై మీదో ఆధారపడకూడదు. రెండవది, ట్యాబ్‌కు వెళ్లేది చిన్న జేపెగ్ ఫోటో, అంటే కెమెరా కుదించి తయారుచేసిన కాపీ, మాత్రమే కావాలి. అసలైన రా ఫైలు, అంటే సెన్సర్ పట్టిన సమాచారమంతా ఉండే పెద్ద ఫైలు, మెమరీ కార్డులోనే ఉండాలి. వైఫైతో ఇబ్బంది పడి మళ్లీ కేబుల్‌కు వెళ్లిపోయిన చాలామంది విషయంలో ఈ రెండింటిలో ఏదో ఒకటి లోపించి ఉంటుందని నా నమ్మకం.

కలపడానికి ఉన్న దారులు

మొదటి దారిలో కెమెరాయే చిన్న వైఫై కేంద్రంగా మారుతుంది, ట్యాబ్ దానికి నేరుగా కలుస్తుంది. కానన్ వారి కెమెరా కనెక్ట్, నికాన్ వారి స్నాప్‌బ్రిడ్జ్, 2023లో వచ్చిన సోనీ క్రియేటర్స్ యాప్, అదే ఏడాది వచ్చిన ఫూజీఫిల్మ్ ఎక్స్‌యాప్ సాధారణంగా ఇలాగే పని చేస్తాయి. అదనపు సామగ్రి ఏదీ అవసరం లేకపోవడం దీని సౌలభ్యం. అయితే కెమెరాలోని యాంటెన్నా చాలా చిన్నది కాబట్టి దూరం పెరిగితే సంబంధం తెగుతుంది. పైగా యాప్ నుంచి రిమోట్ షూటింగ్ తెరిచినప్పుడు కొన్ని కెమెరాల మీది బటన్లు, డయల్‌లు కొన్ని పని చేయడం మానేస్తాయి. యాప్ ఎంత పెద్ద ఫోటో పంపుతుందో కూడా ముందే చూసుకోవాలి. ఉదాహరణకు స్నాప్‌బ్రిడ్జ్ దానంతట అది బ్లూటూత్ మీద పంపే కాపీ 2 మెగాపిక్సెళ్లే. ముఖంలో భావం చూడటానికి అది చాలుతుంది గాని జరీ పోగు మీద ఫోకస్ కుదిరిందో లేదో చెప్పడానికి చాలదు.

రెండవ దారిలో కెమెరా, ట్యాబ్ రెండూ ఒక చిన్న రౌటర్‌కు కలుస్తాయి. అరచేతిలో పట్టే ట్రావెల్ రౌటర్, దానికి శక్తినిచ్చే ఒక పవర్ బ్యాంక్ ఉంటే చాలు. దానికి ఇంటర్నెట్ ఉండనవసరం లేదు; ఫోటోలు కెమెరా నుంచి రౌటర్ గుండా ట్యాబ్‌కు వెళతాయి, బయటి ప్రపంచంతో వాటికి పని లేదు. స్టూడియోలోనైనా అవుట్‌డోర్‌లోనైనా నేను సూచించేది ఈ దారినే. రౌటర్‌ను మోడల్‌కూ ట్యాబ్‌కూ మధ్య ఎత్తులో పెట్టుకోవచ్చు, రెండవ ట్యాబ్‌ను కూడా కలుపుకోవచ్చు, వేరే ఊరు వెళ్లినా సెట్టింగులు మారవు.

రౌటర్ లేని రోజున ఫోన్ హాట్‌స్పాట్ ఆదుకుంటుంది. ఐఫోన్ 12, ఆ తర్వాతి ఫోన్లలో హాట్‌స్పాట్ పెట్టినప్పుడు ‘మాక్సిమైజ్ కంపాటిబిలిటీ’ అనే మీటను ఆన్ చేస్తేనే 2.4 గిగాహెర్ట్జ్ తరంగం (వైఫై వాడే రెండు ముఖ్య తరంగాల్లో పాతది) మీద సిగ్నల్ వస్తుంది. అది ఆఫ్‌లో ఉంటే చాలా కెమెరాలకు ఆ హాట్‌స్పాట్ కనబడదు. ఇక కార్డులోనే వైఫై ఉండే పాత ఐ-ఫై కార్డులు ఎవరి దగ్గరైనా మిగిలి ఉంటే వాటిని నమ్ముకోవద్దు. ఆ పాత కార్డులకు తయారీదారు మద్దతు 2016లోనే నిలిచిపోయింది.

రౌటర్ సెట్టింగులు

నెట్‌వర్క్ పేరును ఇంగ్లీషు అక్షరాలు, అంకెలతో, మధ్యలో ఖాళీ లేకుండా పెట్టండి. పాస్‌వర్డ్‌ను కెమెరా మీది డయల్ తిప్పుతూ ఒక్కొక్క అక్షరంగా ఎక్కించాలి కాబట్టి చిన్న అక్షరాలు, అంకెలు మాత్రమే ఉండేలా, అయితే ఊహించలేనంత పొడవుగా ఎంచుకోండి. భద్రతను డబ్ల్యూపీఏ2కు (ఇది వైఫై పాస్‌వర్డ్ రక్షణ పద్ధతి) పెట్టడం మంచిది. డబ్ల్యూపీఏ3 మాత్రమే అని పెడితే పాత కెమెరాలు కలవవు.

తరువాత ఏ తరంగం వాడాలన్నది తేల్చుకోవాలి. 2.4 గిగాహెర్ట్జ్ ఎక్కువ దూరం వెళుతుంది, గోడలను కొంత దాటుతుంది, కాని అక్కడ రద్దీ ఎక్కువ. 5 గిగాహెర్ట్జ్ దూరం తక్కువైనా వేగంగా, ప్రశాంతంగా ఉంటుంది. స్టూడియో గది దూరాలకు అదే సరిపోతుంది. అయితే ముందుగా మీ కెమెరాకు 5 గిగాహెర్ట్జ్ ఉందో లేదో చూసుకోవాలి. కానన్ ఆర్5కు ఆ సౌకర్యం ఉంది గాని దానితోపాటే వచ్చిన మొదటి తరం ఆర్6కు లేదు; సోనీ ఏ7 మూడవ తరానికీ లేదు. ఉన్నవారు రౌటర్‌లో 36 నుంచి 48 వరకు ఉన్న ఛానెళ్లలో ఒకదాన్ని ఎంచుకోండి. 52 మొదలు 144 వరకు ఉన్న ఛానెళ్లను రాడార్లతో పంచుకోవాలి కనుక, రౌటర్ వాటిలో కనీసం ఒక నిమిషం విని చూశాకే ప్రసారం మొదలుపెడుతుంది, రాడార్ సంకేతం దొరికితే మధ్యలోనే ఛానెల్ మార్చేస్తుంది. షూట్ మధ్యలో అలా జరగడం ఎవరికీ వద్దు.

2.4 గిగాహెర్ట్జే గతి అయినవారు ఛానెల్‌ను ‘ఆటో’లో వదిలేయకుండా 1, 6, 11లలో ఒకదానికి కట్టివేయాలి, ఒకదాని మీద ఒకటి పడకుండా ఉండేవి ఆ మూడే. ఛానెల్ వెడల్పు 20 మెగాహెర్ట్జ్ చాలు. ఇక్కడే ఫ్లాష్ ట్రిగ్గర్ల, అంటే కెమెరా నుంచి లైట్లను వైరు లేకుండా వెలిగించే పరికరాల, సంగతి ఎదురవుతుంది. మన దగ్గర విరివిగా వాడే గోడాక్స్ ఎక్స్ శ్రేణి ట్రిగ్గర్లు కూడా 2.4 గిగాహెర్ట్జ్ మీదే మాట్లాడుకుంటాయి, ఆ ట్రిగ్గర్ ఉండేది సరిగ్గా కెమెరా నెత్తిమీద. ఫోటోలు ఆగి ఆగి వస్తున్నా, అప్పుడప్పుడు ఒక లైటు వెలగకపోయినా ఈ రెండింటి మధ్య పోటీని ముందుగా అనుమానించాలి. వైఫైని 5 గిగాహెర్ట్జ్‌కు మార్చగలిగితే సమస్యే లేదు. మార్చలేకపోతే వైఫైని ఛానెల్ 1 మీద పెట్టి, గోడాక్స్‌లో ఉన్న 32 ఛానెళ్లలో ఖాళీగా ఉన్న మరొకదానికి ట్రిగ్గర్‌నూ లైట్లన్నిటినీ మార్చండి. కొత్త ట్రిగ్గర్లలో ఖాళీ ఛానెల్ వెతికి చూపే స్కాన్ సదుపాయం కూడా ఉంటుంది.

రౌటర్‌ను నేల మీద, కెమెరా బ్యాగు వెనుక పెట్టవద్దు. మనిషి శరీరంలోని నీరు 2.4 గిగాహెర్ట్జ్ తరంగాలను బాగా మింగేస్తుంది. సెట్ మీద ఆరుగురు నిలబడితే నేలమీది రౌటర్‌కూ కెమెరాకూ మధ్య ఆరు అడ్డుగోడలు లేచినట్టే. ఒక లైట్ స్టాండ్‌కు క్లాంప్‌తో బిగించి తలల కంటే ఎత్తులో ఉంచితే, అదే రౌటర్ ఎంతో మెరుగ్గా పని చేస్తుంది.

కెమెరాలో చేయవలసినవి

రా, జేపెగ్ రెండూ కలిపి రాసేలా పెట్టండి. రెండు స్లాట్‌లు ఉన్న కెమెరాలో ఒక కార్డులో రా, రెండవ దానిలో జేపెగ్ పడేలా విడగొట్టడం సౌకర్యం. జేపెగ్ పరిమాణాన్ని చిన్నదానికి తగ్గించండి. 24 మెగాపిక్సెళ్ల కెమెరా రా ఫైలు, అది కుదించిన పద్ధతిని బట్టి, సుమారు 25 నుంచి 50 మెగాబైట్ల వరకు ఉంటుంది. అదే కెమెరా చిన్న జేపెగ్ రెండు మూడు మెగాబైట్లకు మించదు. వైఫై సెకనుకు 3 మెగాబైట్లు మోస్తుందనుకుంటే జేపెగ్ ఒక్క సెకనులో ట్యాబ్‌కు చేరుతుంది, రా ఫైలుకు పది పదిహేను సెకన్లు పడుతుంది. ఆలోగా మీరు మరో నాలుగు ఫ్రేములు తీసి ఉంటారు, వరుస పెరుగుతూ పోతుంది, దుకాణం యజమాని ఇప్పుడు చూస్తున్నది ఎప్పటి భంగిమో ఎవరికీ తెలియదు. రా ఫైలు పంపాలన్న కోరికను వదులుకోవడమే ఈ మొత్తం ఏర్పాటుకు ప్రాణం.

పంపే పద్ధతుల్లో, కెమెరాలో ఎఫ్‌టీపీ (నెట్‌వర్క్ మీద ఫైళ్లు పంపే పద్ధతి) సదుపాయం ఉంటే దాన్నే వాడండి. సోనీ ఏ7 నాలుగవ తరం, కానన్ ఆర్5, ఆర్6 వంటి వాటిలో ఇది ఉంది. ట్యాబ్‌లో ఎఫ్‌టీపీ స్వీకరించే యాప్ నడుస్తుంటే, కెమెరా ప్రతి ఫోటోను తీసిన వెంటనే దానికి నెట్టివేస్తుంది. కెమెరా బటన్లన్నీ యథాతథంగా మీ చేతిలో ఉంటాయి, సిగ్నల్ కాసేపు పోయినా పంపని ఫోటోలు వరుసలో నిలిచి తర్వాత వెళతాయి. ఐప్యాడ్‌లో ఇందుకు షటర్‌స్నిచ్ యాప్‌ను చాలామంది వాడతారు. ఆండ్రాయిడ్ ట్యాబ్‌లకు ఎఫ్‌టీపీ సర్వర్ యాప్‌లు అనేకం ఉన్నాయి. కెమెరాలో నింపవలసినవి నాలుగు: ట్యాబ్ ఐపీ అడ్రస్ (నెట్‌వర్క్‌లో దాని చిరునామా), పోర్ట్ సంఖ్య (ఆ యాప్ ఫైళ్లు అందుకునే ద్వారం), యూజర్ పేరు, పాస్‌వర్డ్. ఎఫ్‌టీపీకి సహజమైన పోర్ట్ 21 అయినా, ఆండ్రాయిడ్ మామూలు యాప్‌లకు 1024 కంటే తక్కువ సంఖ్య పోర్ట్‌లను ఇవ్వదు. అందుకే అక్కడి యాప్‌లు 2121 వంటి సంఖ్యను చూపుతాయి. యాప్ తెర మీద ఏది కనబడితే దాన్నే కెమెరాలో రాయాలి. ఆ తర్వాత ఆటో ట్రాన్స్‌ఫర్‌ను ఆన్ చేసి, రా ప్లస్ జేపెగ్ తీసినప్పుడు జేపెగ్ మాత్రమే పంపాలన్న ఎంపికను తప్పక పెట్టండి.

ఐపీ అడ్రస్ రోజుకొకటిగా మారితే ప్రతి షూట్‌లోనూ కెమెరాలో మళ్లీ రాసుకోవాలి. రౌటర్‌లో అడ్రస్ రిజర్వేషన్ అనే చోట ట్యాబ్‌కు ఒక సంఖ్యను శాశ్వతంగా కేటాయించండి. ఐప్యాడ్‌లో ఆ నెట్‌వర్క్‌కు సంబంధించిన ప్రైవేట్ వైఫై అడ్రస్ మారుతూ ఉండేలా పెట్టి ఉంటే రౌటర్ దాన్ని కొత్త పరికరంగా భావిస్తుంది కాబట్టి, దాన్ని స్థిరంగా ఉండేలా మార్చుకోవాలి.

ఎఫ్‌టీపీ లేని కెమెరాలకు తయారీదారు యాప్‌లోని ఆటో ట్రాన్స్‌ఫర్ ఉంది. 2022లో ఐప్యాడ్‌కు వచ్చిన క్యాప్చర్ వన్ కొన్ని కెమెరాలతో వైఫై మీద కూడా పని చేస్తుంది. వచ్చిన ఫోటోకు అక్కడికక్కడే మీ రంగుల శైలిని అద్ది చూపాలనుకునేవారికి అది తగినది. మీ మోడల్ ఆ జాబితాలో ఉందో లేదో కొనకముందే సరిచూసుకోండి.

కెమెరా నిద్రపోతే వైఫై కూడా పోతుంది. ఆటో పవర్ ఆఫ్ సమయాన్ని పెంచండి, లేదా పూర్తిగా ఆపండి. వైఫై నడుస్తుంటే బ్యాటరీ త్వరగా తగ్గుతుంది కనుక, మామూలుగా తెచ్చుకునే వాటికంటే అదనంగా బ్యాటరీలు ఛార్జ్ చేసి తెచ్చుకోవాలి.

ట్యాబ్‌లో చేయవలసినవి

ఐప్యాడ్‌లో యాప్ మొదటిసారి తెరిచినప్పుడు లోకల్ నెట్‌వర్క్ అనుమతి అడుగుతుంది. 2020లో ఐప్యాడ్ఓఎస్ 14తో వచ్చిన ఈ ప్రశ్నకు తొందరలో ‘వద్దు’ అని నొక్కితే, అన్నీ సరిగా ఉన్నా కెమెరా, ట్యాబ్ ఒకదానికొకటి కనబడవు. సెట్టింగులలో ప్రైవసీ విభాగానికి వెళ్లి ఆ అనుమతిని మళ్లీ ఇవ్వవచ్చు. ఆండ్రాయిడ్ ట్యాబ్ ‘ఈ నెట్‌వర్క్‌లో ఇంటర్నెట్ లేదు’ అని హెచ్చరించినప్పుడు, అయినా ఇందులోనే ఉంటానని చెప్పాలి. సిమ్ ఉన్న ట్యాబ్ అయితే షూట్ జరిగేంతసేపు మొబైల్ డేటా ఆపాలి. వీపీఎన్ ఉంటే ఆపివేయాలి. మునుపు వాడిన స్టూడియో వైఫై దానంతట అది కలవకుండా ఆటో-జాయిన్‌ను తీసివేయాలి, లేకపోతే ట్యాబ్ మీకు చెప్పకుండానే అటు వెళ్లిపోతుంది.

ఎఫ్‌టీపీ యాప్ తెర మీద ఉన్నంతవరకే నమ్మకంగా పని చేస్తుంది. యజమాని మధ్యలో మెసేజ్ చూసుకుందామని వేరే యాప్ తెరిస్తే ఐప్యాడ్ దీన్ని కాసేపట్లో నిద్రపుచ్చుతుంది. ఆటో-లాక్‌ను ‘నెవర్’కు మార్చి, గైడెడ్ యాక్సెస్ ఆన్ చేసి ఇస్తే ట్యాబ్ ఎవరి చేతిలో ఉన్నా ఆ ఒక్క యాప్‌లోనే ఉంటుంది, ఆండ్రాయిడ్‌లో ఇదే పనికి యాప్ పిన్ చేసే సదుపాయం ఉంది.

చీరల షూట్‌లో రంగు సంగతి మరింత శ్రద్ధగా చూడాలి. ట్రూ టోన్, నైట్ షిఫ్ట్, ఆటో బ్రైట్‌నెస్ మూడూ ఆపండి, ఎందుకంటే అవి గదిలోని వెలుగును బట్టి, సమయాన్ని బట్టి తెర రంగును, వెలుగును మారుస్తుంటాయి. ట్యాబ్‌కు వచ్చేది కెమెరా వండిన జేపెగ్ కనుక, వైట్ బ్యాలెన్స్ (వెలుగు రంగును బట్టి తెలుపును తెలుపుగా చూపే సర్దుబాటు) తప్పితే తెర మీద రంగూ తప్పుతుంది. సెట్ లైట్ల కింద గ్రే కార్డు పట్టించి కస్టమ్ వైట్ బ్యాలెన్స్ తీసుకోండి, కిటికీ వెలుగు, ట్యూబ్‌లైటు కలవకుండా చూడండి. ఇంత చేసినా కొన్ని అద్దకపు రంగులను, ముఖ్యంగా కొన్ని ఊదా రంగులను, కెమెరా సెన్సర్ మన కన్ను చూసినట్టు చూడదు. అందుచేత చీరను అదే లైటు కింద ట్యాబ్ పక్కన పెట్టి యజమానికి చూపించి, తేడా ఉన్న చీరల సంఖ్యలను రాసుకుని, తుది రంగు క్యాలిబ్రేట్ చేసిన మానిటర్ మీద రా ఫైలు నుంచి సరిచేస్తామని అప్పుడే చెప్పడం న్యాయం. యజమాని ట్యాబ్ మీది రంగును తుది రంగుగా భావించి వెళ్లిపోతే తర్వాత వచ్చే మాటపట్టింపులు ఇద్దరికీ నష్టం.

సెట్ మీద

మోడల్ రాకముందే ఒక పరీక్ష చేయాలి. లైట్లన్నీ, ట్రిగ్గర్ ఆన్ చేసి, పనివారంతా తమ చోట్లలో ఉండగా, ఆ రోజు మీరు నిలబడబోయే అతి దూరపు మూల నుంచి వరుసగా ఇరవై ఫ్రేములు తీసి అన్నీ ట్యాబ్‌కు చేరాయో లేదో లెక్క చూడండి. ఖాళీ గదిలో చేసిన పరీక్షను నమ్మవద్దు. ట్యాబ్‌ను స్టాండ్ మీద, లైట్ల వెలుగు నేరుగా పడని చోట పెట్టండి. వేసవిలో బయట తీసేటప్పుడు ఎండలో ఉంచిన ట్యాబ్ వేడెక్కి తెర వెలుగు దానంతట అదే తగ్గిపోతుంది, మరీ వేడెక్కితే ఆగిపోతుంది. గొడుగు నీడో రిఫ్లెక్టర్ నీడో తప్పనిసరి.

పెళ్లి ఫంక్షన్ హాల్ పరిస్థితి వేరు. అక్కడ వందల ఫోన్లు, కెమెరా బృందాల ట్రాన్స్‌మిటర్లు అన్నీ అదే గాలిని పంచుకుంటాయి. హాల్ వారు ఇచ్చే గెస్ట్ వైఫైలో ఒక పరికరం మరొకదాన్ని చూడకుండా అడ్డుకట్ట ఉండటం సాధారణం, కాబట్టి దాని మీద ఎంతసేపు ప్రయత్నించినా ఫోటోలు వెళ్లవు. జీలకర్ర బెల్లం, తలంబ్రాలు మళ్లీ జరగవు. ఆ సమయంలో మీ ధ్యాస ట్యాబ్ మీద ఉండకూడదు. అక్కడ ఆటో ట్రాన్స్‌ఫర్ ఆపి, ఘట్టం ముగిశాక మంచి ఫోటోలు నాలుగైదు ఎంచుకుని పంపడమే తగిన పద్ధతి.

మధ్యలో ఫోటోలు రావడం ఆగిపోతే కనబడిన సెట్టింగునల్లా మార్చడం మొదలుపెట్టవద్దు, ఎందుకంటే చివరకు దేనివల్ల బాగుపడిందో, దేనివల్ల చెడిందో తెలియకుండా పోతుంది. ముందుగా ట్యాబ్ ఏ నెట్‌వర్క్‌లో ఉందో చూడండి. చాలాసార్లు అది వేరే వైఫైకి వెళ్లి ఉంటుంది. తరువాత యాప్ తెర మీద ఉందో లేదో, దాని ఐపీ అడ్రస్ కెమెరాలో రాసినదేనా అన్నది సరిచూడండి. ఆపైన కెమెరాలో వైఫైని ఆపి మళ్లీ పెట్టండి. అప్పటికీ కుదరకపోతే రౌటర్ ఆపి పెట్టండి. కొన్ని పవర్ బ్యాంక్‌లు తక్కువ శక్తి తీసుకునే పరికరాన్ని గుర్తించక వాటంతట అవే ఆగిపోతాయి కనుక రౌటర్ దీపం వెలుగుతోందో లేదో కూడా చూడాలి. ఇవన్నీ అయిదు నిమిషాలలో తేలకపోతే బ్యాగులో ఉంచుకున్న కేబుల్ తీసి, లేదా కార్డ్ రీడర్‌ను ట్యాబ్‌కు పెట్టి, పని కొనసాగించండి. కార్డులో అన్నీ భద్రంగా ఉన్నాయి కాబట్టి ఏదీ పోలేదు.

షూట్ ముగిశాక ట్యాబ్‌లో యజమాని గుర్తుపెట్టిన ఫోటోల సంఖ్యలను రాసుకోండి. రా ఫైలుకూ జేపెగ్‌కూ పేరు ఒకటే కనుక ఎడిటింగ్‌కు కూర్చున్నప్పుడు ఆ సంఖ్యలతో వెతుక్కోవచ్చు. కార్డులను రెండు వేర్వేరు డిస్కులకు కాపీ చేసి సరిచూసిన తర్వాతే ట్యాబ్‌లోని జేపెగ్‌లను తొలగించండి. మోడల్ చీర సర్దుకుంటున్నప్పటి పరీక్ష ఫ్రేములు కూడా ఆటో ట్రాన్స్‌ఫర్‌లో ట్యాబ్‌కు చేరి ఉంటాయి. వాటిని ట్యాబ్ ఇంకెవరి చేతికీ వెళ్లకముందే, అక్కడే తీసివేయాలి, ఐక్లౌడ్‌కో గూగుల్ ఫోటోస్‌కో అవి వెళ్లకుండా ఆ యాప్‌ల ఆటోమేటిక్ బ్యాకప్‌ను షూట్‌కు ముందే ఆపి ఉంచాలి.